కాలి నొప్పి కాసిన కాపలా

అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌ల మధ్య మా బాపుకు ఒక పేరుండేది. నిద్రపోని వాచ్‌మన్ అని. అక్కడ గేటుకొక వాచ్‌మన్ ఉండేవాడు. అందరూ కాపలా కాసేవాళ్లే. అందరూ అన్నం తినగానే కాపలాను కుక్కలకు అప్పగించి ముసుగు తన్నేవాళ్లే. మా బాపు ఒక్కడే తెల్లవార్లూ కర్ర తాటించుకుంటూ కాంపౌండు చుట్టూ తిరిగేవాడు. ఆయన వెంట తిరిగి తిరిగి మా కుక్కలు రెండూ బక్కచిక్కిపోయాయి.

ఫామ్‌హౌస్ సారు పట్నంలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. అప్పట్లో మా వైపు పొలాలు ఎకరాల్లోంచి గజాల్లోకి మారుతున్నాయి. జొన్న చేను ఉన్నచోట లాన్ పెరిగేది, బర్రెల కొట్టం ఉన్నచోట ఈత కొలను వచ్చేది. అమెరికా వాళ్లతో మాట్లాడే పని కాబట్టి సారుకు రాత్రిళ్లు మెలకువే. ఆ మెలకువలో మా మీదికి మనసు పోయేదేమో, ఉన్నట్టుండి బాపు సెల్‌కు ఫోన్ చేసేవాడు. బాపు మొదటి రింగుకే ఎత్తేవాడు. శనివారం స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చినప్పుడు సారు బాపును గేటు దగ్గర నిలబెట్టి చూపించి, "ఈయనకు నిద్ర అన్నదే లేదు. డెడికేషన్ అంటే ఇదీ!" అనేవాడు. ఆ స్నేహితులు బాపును జూలో పులిని చూసినట్టు చూసేవాళ్లు. ఒకాయనైతే, "మీకు అన్నదమ్ములెవరైనా ఉన్నారా?" అని కూడా అడిగాడు.

డెడికేషన్ సంగతి మాకు తెలుసు. బాపుకు కాలు నొప్పి.

ఆ ఫామ్‌హౌస్‌కే కంచె వేసేటప్పుడు కడీలు పాతే పనికి బాపు కూలికి పోయాడు. కడీ అంటే కంచె తీగ కట్టడానికి పాతే రాతి స్తంభం. మనిషంత ఎత్తు, ఇద్దరు మోయాల్సిన బరువు. ఒకటి జారి ఆయన ఎడమకాలికి, మోకాలి కింద బయటివైపు తగిలింది. ఎముక విరగలేదు. చూసిన వాళ్లందరూ అదృష్టవంతుడన్నారు. పుండు మానింది, వాపు పోయింది, చివరికి చింతగింజంత మచ్చ మిగిలింది. ఆ మచ్చ కింద మాత్రం ఏదో పొయ్యి ఆరకుండా మండుతూనే ఉంది. చేవెళ్ల దగ్గర మా ఊళ్లో మిగిలిన పొలాన్ని పెదనాన్నకు కౌలుకిచ్చాం. మడిలో కాలు పెట్టలేని మనిషి వ్యవసాయం ఏం చేస్తాడు? సారు మంచివాడు, గేటు దగ్గర పని ఇచ్చాడు. గేటు పక్కనున్న రేకుల గదిలోకి బాపు, అవ్వ, నేను చేరాం. మా వైపు అమ్మను అవ్వ అంటాం.

ఆ నొప్పికి న్యాయం లేదు. కాలిని గట్టిగా పట్టుకుంటే ఓర్చుకునేవాడు, మెత్తగా తగిలితే ఎగిరిపడేవాడు. దుప్పటి అంచు, ఫ్యాను గాలి, కుక్క తోక, ఇవన్నీ శత్రువులే. అందుకే ఎడమవైపు లుంగీ ఎప్పుడూ మోకాలి పైకే ఉండేది. సారు స్నేహితుల్లో ఒకావిడ దాన్ని మా ఊరి వేషం అనుకుని ఫోటో తీసుకుంది. పగలు పనిలో, మాటల్లో ఎట్లాగో గడిచేది. రాత్రి పక్క మీదికి చేరగానే మంట లేచేది. పడుకుంటే మండేది, లేచి తిరిగితే కొంత సద్దుమణిగేది. అందుకని తిరిగేవాడు. సారు జీతం ఇచ్చేది ఆ తిరుగుడుకే.

వైద్యం చేయించలేదని కాదు. మొయినాబాద్‌లో ఆర్‌ఎంపీ డాక్టర్ నడుముకు ఎన్ని సూదులు పొడిచాడో. నొప్పి గోలీలు మింగి మింగి కాలి మంటకు కడుపులో మంట తోడైంది. ఒకసారి మా మేనత్త నువ్వుల నూనె కాచి తెచ్చి, "నా చేతుల గుణం నీకెరుక లేదు, చూడు," అని కాలి మీద వేళ్లు ఆనించింది. బాపు పెట్టిన కేకకు రోడ్డు మీద పోతున్న షేర్ ఆటో ఆగిపోయింది. మేనత్త మళ్లీ ఏడాది దాకా మా గడప తొక్కలేదు.

నేను ఇంటర్‌తోనే చదువు ఆపాను. కాలేజీ ఆగింది గానీ చదువు ఆగలేదు, ఇది కొంచెం గర్వంగానే చెబుతాను. వారానికోసారి బస్సెక్కి చేవెళ్ల గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. అక్కడ పేపర్ చదివే పెద్దమనుషుల మధ్య బల్ల చివర నాకొక కుర్చీ స్థిరపడింది. ఖగోళం చదివాను, కోళ్ల పెంపకం చదివాను, రోమన్ చక్రవర్తుల గురించి చదివాను. ఏది ఎప్పుడు పనికొస్తుందో ఎవరికి తెలుసు? ఒకరోజు వైద్యం గురించిన లావుపాటి పుస్తకం ఒకటి దొరికింది. అందులో నాడుల అధ్యాయం దగ్గర మా బాపు నాకు దొరికాడు. పేరొక్కటే లేదు గానీ దుప్పటితో సహా అంతా ఉంది.

దెబ్బ తగిలిన చోటు మానిపోయినా, ఆ దెబ్బకు లోపల నాడి చెడితే, అది తనంతట తానే మెదడుకు నొప్పి కబురు పంపుతూ ఉంటుందట. వాపుకు వేసే మామూలు నొప్పి గోలీలు దానికి పెద్దగా పనిచేయవట. ఈ నొప్పికి వేరే మందులున్నాయి. కొన్ని మూర్ఛకు ఇచ్చేవి, కొన్ని దిగులు జబ్బుకు ఇచ్చేవి. మిరపకాయ ఘాటులోంచి తీసిన మలాం కూడా ఒకటుందని రాసి ఉంది. ఆ ముక్క మాత్రం ఇంట్లో చెప్పలేదు. మా అవ్వ ఒకసారి రోలు ముందు కూర్చుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

ఇంటికొచ్చి బాపుకు నాడీమండలం గురించి పాఠం మొదలుపెట్టాను. ఆయన పళ్లపుల్ల నములుతూ విన్నాడు.

"మిస్డ్ కాల్ తెలుసు గద బాపూ? నీ కాలు మెదడుకు మిస్డ్ కాల్ ఇస్తున్నది. ఏం పని లేదు, ఊకెనే ఇస్తున్నది. మెదడేమో ప్రతిసారి ఎత్తుతున్నది."

"మరి స్విచాఫ్ చేయరాదు?"

"స్విచాఫ్ చేస్తే కాలే కదలదు. సౌండ్ తగ్గియ్యాలె. గా మందులు చేసేది గదే."

"ఎవరు జెప్పిన్రు?"

"పుస్తకంల ఉన్నది."

"పుస్తకం రాసినోని కాలు మీద కడీ పడ్డదా?"

దీనికి ఏ అధ్యాయంలోనూ జవాబు లేదు. కానీ అవ్వ కల్పించుకుంది. "నీకు పోబుద్ధి కాకుంటే నేను పోయి నీ కాలు నొప్పి చెప్పుకుని మందు తెచ్చుకుంట. రాత్రంత నీ కర్ర టకటక వినలేక నాకు పిచ్చి లేస్తున్నది," అంది. బాపు ఆ వారమే బయలుదేరాడు, వెంట అవ్వ, నేను.

పట్నంలో పెద్ద దవాఖాన. నరాల డాక్టరమ్మ వయసులో చిన్నదే గానీ ఓపిక పెద్దది. ముందు చీటీ మీద వివరాలు రాసుకుంది. వయసు అడిగింది, ఊరడిగింది. ఏం పని చేస్తావని అడిగింది.

"వ్యవసాయం," అన్నాడు బాపు.

నేను ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. నాకేమీ వింతగా అనిపించలేదు. మా దగ్గర పాస్‌బుక్కులో ఒక్క గుంట భూమి మిగిలినా మనిషిది వ్యవసాయమే. ఆటో నడిపినా, హోటల్లో వంట చేసినా, ఎవరి గేటు దగ్గర నిలబడినా, అడిగిన వాళ్లకు చెప్పేది వ్యవసాయమే. పెళ్లి సంబంధాల్లోనూ అంతే, దవాఖానలోనూ అంతే.

డాక్టరమ్మ దూది పింజతో కాలి మీద సన్నగా రాసింది. బాపు బల్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు. తర్వాత గుండుసూదితో గుచ్చింది. బాపు అది వేరెవరి కాలో అన్నట్టు చూస్తూ ఊరుకున్నాడు.

"నొప్పి ఎలా ఉంటుంది పెద్దాయనా? నీ మాటల్లో చెప్పు."

ఈ రెండేళ్లలో బాపును ఈ మాట అడిగిన మనిషి లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తారు రోడ్డు మీద ఉత్త కాళ్లతోని నిలబడ్డట్టు ఉంటది డాక్టరమ్మా. అటెన్క చీమలు పారుతయి. అటెన్క ఎవడో నా కాలు పట్టి బోరు స్టార్టర్ డబ్బాల పెట్టినట్టు జివ్వుమంటది."

ఆమె కళ్లు మెరిశాయి. పక్క గదిలోంచి చదువుకునే పిల్లడాక్టర్లను పిలిచి, "ఇంకోసారి చెప్పు," అంది. బాపు ఇంకోసారి చెప్పాడు. మరి కొందరు వచ్చారు. మూడోసారికి ఆ తారు రోడ్డు మీదికి ఒక తేలు కూడా చేరింది.

మందు రాసింది. అమిట్రిప్టిలిన్. నేను పుస్తకంలో చదివిన పేరే. నాకు పాత బంధువు ఎదురైనట్టు అనిపించి, "దిగులు జబ్బుకిచ్చేది గద మేడం, నరాలకు తక్కువ డోసుల ఇస్తరు," అన్నాను. ఆమె తలెత్తి చూసి, "ఏం చదువుతున్నావమ్మా?" అంది. "అన్నీ," అన్నాను.

"రాత్రి పడుకునే ముందు ఒకటి. చిన్న డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుదాం. నోరెండుతుంది, మత్తుగా ఉంటుంది. గుణం కనబడడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ అంతట మీరు ఆపేయొద్దు."

"నొప్పి మొత్తం పోతదా?" అన్నాడు బాపు.

"సగం తగ్గినా గెలిచినట్టే."

బస్సులో బాపు, "సగం నొప్పికి ఇంత దూరం వచ్చినమా?" అన్నాడు. మెహిదీపట్నం నుంచి అజీజ్‌నగర్ దాకా అదే మాట.

మెడికల్ షాపాయన చీటీ చూసి, "ఎవరికి ఇది? మనసు బాగలేనోళ్లకు ఇస్తరు," అన్నాడు. అది విని అవ్వ ఇంటి దాకా మాకంటే పది అడుగులు ముందే నడిచింది. ఇంటికొచ్చాక పేలింది. "కాలు బాగలేదని పోతే మనసుకు రాసిచ్చిన్రా? ఈయనతోని ఇన్నేండ్ల సంది ఏగుతున్న, నా మనసు బాగలేదు. నాకెవరన్న ఒక్క గోలీ ఇచ్చిన్రా?"

మొదటి వారం నోరెండడం తప్ప ఏమీ జరగలేదు. బాపు నీళ్ల చెంబు పట్టుకుని తిరిగేవాడు. తాగిన నీళ్లకు మళ్లీ వేరే తిరుగుడు. నేను కనబడితే చాలు, "ఏమే లైబ్రరీ, మిస్డ్ కాల్ ఇంక వస్తనే ఉన్నది," అనేవాడు. రెండో వారం ఆ మాట కొంచెం తగ్గింది. డోసు పెంచారు. ఆ తర్వాత ఒక సాయంత్రం అన్నం తిని పక్క మీద ఒరిగినవాడు లేవలేదు. దుప్పటి ఎడమకాలి మీదే ఉంది. అవ్వ దగ్గరికి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరాడుతోంది. అప్పుడు ఆమె కాసేపు అట్లాగే కూర్చుంది. "పెండ్లయిన కొత్తల గిట్ల నిద్రపోయేటోడు," అంది.

రెండేళ్లుగా ఆ కర్ర చప్పుడుకు సరిగా నిద్రలేని వాళ్లం మేమూ ఉన్నాం కదా. మేమూ నిద్రపోయాం. కుక్కలు కూడా నిద్రపోయాయి. ఆ గేటు లోపల ప్రాణమున్నవన్నీ నిద్రపోయాయి.

సారు శనివారం పొద్దున్నే వచ్చాడు. హారన్ కొట్టాడట. ఫోన్ చేశాడట. గేటు తట్టాడట. చివరికి తన గేటు తానే ఎక్కాడు. ఆ గేటుకు పైన బల్లేల్లాంటి ఊచలు పెట్టించింది ఆయనే. ఒక ఊచ ఆయన పొట్టి ప్యాంటును పట్టుకుంది. సరిగ్గా అప్పుడే మెలకువ వచ్చిన అవ్వకు గేటు లోపలివైపు వేలాడుతున్న ఒక కాలు కనిపించింది. ఎవరి కాలో అడగాలని ఆమెకు తోచలేదు. "దొంగముండాకొడుకా!" అని చీపురు పొరక తిరగేసి కట్టె వైపుతో పిక్క మీద రెండు వేసింది. సారు ఇంగ్లిష్‌లో అరిచాడు. ఆ ఇంగ్లిష్ విన్నాకే అవ్వకు అనుమానం వచ్చింది.

ఈ గలాటాకు అందరికంటే ఆఖరున బాపు లేచి వచ్చాడు. ముఖం కళకళలాడుతోంది. గేటు మీద ఉన్న సారుకు దండం పెట్టి, "నమస్తే సార్. మస్తు నిద్ర పట్టింది," అన్నాడు.

సారును దించి, ఊచకు మిగిలిన గుడ్డ పీలికను తీసి ఆయన చేతికిచ్చి, కుర్చీ వేసి, మందు సంగతంతా నేనే చెప్పాను. మిస్డ్ కాల్ ఉదాహరణ ఆయనకు నచ్చింది కూడా. కానీ టీ తాగి గ్లాసు కింద పెట్టాక, "అన్నా, నీ హెల్త్ నాకు ముఖ్యమే. బట్, లోపల లక్షల సామాను ఉంది. నాకు మెలకువగా ఉండే మనిషి కావాలి. వచ్చే నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత వేరే మనిషిని పెట్టుకోవాల్సి వస్తుంది," అన్నాడు.

వేరే మనిషి అంటే ఆ మనిషి ఈ రేకుల గదిలోకి వస్తాడు. మేము బయటికి పోతాం. పొలం కౌలులో ఉంది, ఆ కాలుతో కూలికి పోలేడు.  అవ్వ గ్లాసులు తీసుకుపోయి చాలాసేపు తోమింది.

మర్నాడు రాత్రి బాపు నా ముందే గోలీ నోట్లో వేసుకున్నాడు. ఆ మర్నాడు కూడా. కానీ వారం తిరిగేసరికి కర్ర చప్పుడు మళ్లీ మొదలైంది. పగలు చెమటలు పట్టేవి, కడుపులో తిప్పుతోందని అన్నం ముద్ద వదిలేసేవాడు. నేను చదివిన ముక్క గుర్తొచ్చింది. ఉన్నట్టుండి ఆపేస్తే ఇట్లాగే అవుతుందని. ఆ రాత్రి వెనకాలే వెళ్లి చూస్తే, ఆయన గోలీని నాలుక కింద పెట్టుకుని, గులాబీ చెట్ల దగ్గర ఉమ్మేసి వస్తున్నాడు.

సారు ఫోన్ చేశాడు. బాపు మొదటి రింగుకే ఎత్తాడు. "గుడ్! ఇదీ నాకు కావాల్సింది," అన్నాడు సారు.

అవ్వకు తెలిసిన రోజు ఇల్లు ఇల్లులా లేదు.

"నొప్పి ఉంటేనే కొలువు ఉంటదే. ఇప్పుడు మనకు అన్నం పెట్టేది గీ నొప్పే," అన్నాడు బాపు.

"అట్లనా? మరి గా నొప్పికే వడ్డిస్త తియ్యి. నువ్వు బయట గడప మీద కూసో."

"నీకు మజాకు అయితున్నది."

"నాకు మజాకా? నువ్వు పండుకున్న నాల్గు రోజులు నేను మొగుడున్న ఆడిదాని లెక్క ఉన్న. మళ్ల ఇప్పుడు దయ్యం లెక్క తిరుగుతున్నవు. పో, ఆ డాక్టరమ్మకు చెప్పు. ఇదీ సంగతి అని చెప్పు."

"ఏమని చెప్పాలె? మందు మంచిగ పనిచేస్తున్నది, జర పనిచేయని మందియ్యమని చెప్పాలెనా?"

 అయినా డాక్టరు దగ్గరికే పోవాలన్నాను. పుస్తకంలో ప్రతి పేజీ చివరా అదే ఉంటుంది కదా.

డాక్టరమ్మ బాపును గుర్తుపట్టింది. "తారు రోడ్డు పెద్దాయన!" అంది. మందు ఆపాడని తెలిసి ముఖం ముడుచుకుంది.

"గుణం కనిపించింది అంటున్నావు. మరి ఎందుకు ఆపావు?"

"నిద్రొస్తున్నది డాక్టరమ్మా."

"రాత్రి నిద్రపోతే నీకొచ్చిన నష్టమేంటి?"

బాపు క్యాలెండర్ వైపు చూశాడు. "రాత్రిళ్లు పొలానికి నీళ్లు కట్టాలె. మా దిక్కు కరెంటు రాత్రే ఇస్తరు గద."

"రోజూ తెల్లవార్లూ నీళ్లు కడతావా? ఏం పంట వేశావు, చేపలా?"

వెనక బెంచీ మీద కూర్చున్న వాళ్లు నవ్వారు. బాపు నవ్వలేదు. నేను నోరు తెరవబోయాను, కానీ ఆయన ముఖం చూసి మూసుకున్నాను. ఆ మాట నేను చెబితే ఆయనకు ఇంకో దెబ్బ.  ఆయన లుంగీని ఎడమకాలి మీద నుంచి సర్దుకున్నాడు, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత మెల్లగా, ఆవిడకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"పొలం ఇప్పుడు నేను చేస్తలేను. నేను వాచ్‌మన్."

ఆమె ఏదో అంటుందని, కనీసం నవ్వుతుందని మేమిద్దరం ఎదురుచూశాం. డాక్టరమ్మ కలం మూత తీసింది.

"ఆ మాట ముందే చెప్తే పొద్దునకు రాసేదాన్ని కదా? మా దగ్గర నైట్ డ్యూటీ నర్సులు లేరా? డ్యూటీ దిగాక పొద్దున వేసుకో, పగలు పడుకో. మళ్లీ చిన్న డోసు నుంచి మొదలు. అంతే."

అంతే. ఆయన పట్నం దాకా మోసుకొచ్చిన బరువు ఆమె చీటీలో ఒక్క గీత. రాత్రి గడిలో ఉన్న గుర్తు పొద్దున గడిలోకి జరిగింది. బయటికొచ్చాక బాపు సోడా తాగి, "మంచి డాక్టరమ్మ. కానీ జర తొందర ఎక్కువ," అన్నాడు.

పుస్తకాల ప్రకారం కథ ఇక్కడ అయిపోవాలి. బాపు పొద్దున గోలీ వేసుకుని పగలంతా నిద్రపోయాడు. కొన్ని వారాలకు మంట బాగా దిగింది. మొత్తం పోలేదు. ఆయన లెక్కలో రోడ్డు ఉంది, ఎండ లేదు. కానీ రాత్రి? నొప్పి లేని మనిషి రాత్రిపూట కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో అజీజ్‌నగర్‌లో ఏ వాచ్‌మన్‌నడిగినా చెబుతాడు. మా బాపు పగలూ నిద్రపోయాడు, రాత్రీ నిద్రపోయాడు. రెండేళ్ల బాకీ ఉంది మరి. డాక్టరమ్మ మందు ఆయన్ను మళ్లీ మామూలు వాచ్‌మన్‌ను చేసింది.

చెప్పిన నెలాఖరున సారు వచ్చాడు. ఈసారి గేటు నేనే తీశాను. సారు లాన్ మీద కుర్చీ వేయించుకుని బాపును పిలిచాడు. బాపు దాచలేదు. "రాత్రి కూసున్నకాడనే కన్ను అంటుకుంటున్నది సార్. అబద్ధం చెప్ప," అన్నాడు.

సారు నిట్టూర్చాడు. "నీలాంటి మనిషి మళ్లీ నాకు దొరకడు అన్నా."

"దొరకకేం సార్? ఎవన్నన్న తెచ్చుకుని కాలు మీద కడీ ఏసి రెండేండ్లు ఆగు. నాకంటె మంచిగ తిరుగుతడు."

సారుకు నవ్వాలో వద్దో తెలియలేదు. జేబులోంచి ఫోన్ తీసి చూస్తూ, "అయినా నాకు అర్థం కానిది ఒకటుంది. ఈ నెలలో నేను నాలుగైదు సార్లు ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తావు. నువ్వు నిద్రపోతుంటే మరి..." అని ఆగాడు.

"నేనే ఎత్తిన," అంది అవ్వ. ఆమె తలుపు చాటునేమీ లేదు, లాన్ మీదే ఉంది, గడ్డి పీకుతోంది. కానీ ఆమెను అప్పటిదాకా ఎవరూ ఏమీ అడగలేదు.

"నువ్వా? అంత రాత్రి నువ్వెందుకు లేచి ఉన్నావమ్మా?"

"గీయన గురక సారూ! గోలీ మళ్ల ఏసుకున్న సంది మొదలువెట్టిండు. లారీ గేరు మార్చినట్టు. గదిల పండుకుంటే రేకులు అదురుతున్నయి. నాకు నిద్ర పట్టక లేచి కాంపౌండంత తిరుగుతున్న. కుక్కలు నా ఎంబడి వస్తున్నయి. ఫోన్ మోగితే 'ఊ' అంటున్న, నువ్వు 'గుడ్' అని పెట్టేస్తున్నవు."

ఈ సంగతి నాకూ తెలియదు. బాపుకు అసలే తెలియదు. ఆయన, "నాకు గురకా?" అన్నాడు. ఆ ఒక్క మాట మీద ఇప్పటికీ వాళ్లకు రాజీ కుదరలేదు.

సారు తల గోక్కున్నాడు. "ఆడమనిషి నైట్ వాచ్‌మన్‌గా ఎలా అమ్మా? ఎవరైనా గేటెక్కి వస్తే?"

అవ్వ ఆయన పిక్క వైపు చూసింది. "గేటెక్కి వచ్చినోన్ని పట్టుకున్నది ఎవరు సారూ?"

సారు కాలు మీద కాలు వేసుకుని, ఆ పిక్కను లోపలికి దాచాడు. ఆ తర్వాత బేరం ఎక్కువసేపు సాగలేదు. పగలు తోటపని బాపుకు, రాత్రి కాపలా అవ్వకు. రేకుల గది మాదే. జీతం అవ్వ చేతికే ఇవ్వాలన్నది మాత్రం ఆమె పెట్టిన షరతు. బాపు ఏదో అనబోయాడు గానీ, నేల తడి చూడ్డానికి అన్నట్టు వంగి గులాబీల వైపు నడిచాడు. పగలు మేలుకోవాలి కాబట్టి డాక్టరమ్మను అడిగి గోలీని మళ్లీ రాత్రికి మార్పించుకున్నాం. ఆమె ఏమీ అడగకుండానే బాపు, "మా ఇంటామె వాచ్‌మన్," అని గట్టిగా చెప్పాడు. తన పని తోటపని అని కూడా చెప్పాడు. అది వ్యవసాయంలోకే వస్తుందట.

చీకటి పడగానే ఆయన గురక మొదలయ్యేది. అవ్వ చద్దరు కప్పుకుని, టార్చిలైటు పట్టుకుని, కుక్కలను వెంటబెట్టుకుని బయలుదేరేది. పగలు నీడపట్టున హాయిగా పడుకునేది. కొద్ది నెలల్లోనే ఫామ్‌హౌస్‌ల మధ్య ఆమెకూ పేరొచ్చింది. సారు స్నేహితులు ఆమెనూ చూసిపోయేవాళ్లు, కాస్త దూరం నుంచి.

ఆ రోజుల్లోనే ఒకసారి చేవెళ్ల నుంచి వచ్చి, బస్సు దిగి గదిలో అడుగు పెట్టీ పెట్టకముందే, "అవ్వా, గురక గురించి చదివిన. ముక్కు వెనక గాలి దారి ఇరుకైతే వస్తదట. పక్కకు తిరిగి పండుకుంటే తగ్గుతదట, ఇంక దానికి..." అని మొదలుపెట్టాను.

అవ్వ కూరగాయలు కోస్తున్న కత్తి పీట మీద నుంచి లేవకుండానే నా చేతిలోని పుస్తకం వైపు చూసింది.

"ఆ పేజీ మీ బాపుకు సదివి వినిపించినవనుకో బిడ్డా," అంది, "ఆ పుస్తకం పొయ్యిల పెడ్త. లైబ్రరోళ్లకు జవాబు నువ్వే చెప్పుకో."